గుట్టకోతలో గాలి ఆగితే

మాదాపూర్ దాటి గచ్చిబౌలి వైపు పోయే కొత్త రోడ్డు కోసం ఒక గుట్టను నడిమికి చీల్చారు. రెండు పక్కలా నిలువునా రాతిగోడలు, మధ్యలో నున్నటి తారు. దాన్ని అందరూ గుట్టకోత అనేవాళ్ళు. పగలంతా ఆ దారిన కంకర లారీలు, సిమెంటు లారీలు, ప్లాట్లు చూపించే బ్రోకర్ల స్కూటర్లు పోతూనే ఉండేవి. పొద్దుగూకిందంటే మాత్రం కొండాపూర్ ఆటోవాడు కూడా బతిమాలినా బండి తిప్పేవాడు కాదు.

"గాడ గాలి ఆగుతది," అనేవాళ్ళు. అంతే.

అంతకు మించి ఎవరూ చెప్పరు. తెల్లచీర లేదు, జుట్టు విరబోసుకోవడం లేదు, వెనక్కి తిరిగిన పాదాలు లేవు. ఎదురుగాలి కొడుతూ... కొడుతూ... కోతలోకి పోగానే ఠక్కున ఆగిపోతుందట. ఎవరో ముందు నిలబడి అడ్డం పెట్టినట్టు.

నేను నమ్మలేదు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల పుట్టిన పుకార్లలో సగం బ్రోకర్ల నోట్లో పుట్టినవే. దెయ్యముందంటే నేల ధర దిగుతుంది. కొనుక్కున్నాక ఆ దెయ్యమే గ్రామదేవత అయిపోతుంది. పాన్‌డబ్బాకు కూడా సైబర్ అని పేరు తగిలించుకున్న కాలమది. పొద్దస్తమానం పొయ్యి ముందు నిలబడి కూరలు వండి అమ్ముకునేదాన్ని, రాత్రి ఆ మసిచేతులతోనే నాలుగు పేజీలు చదువుకునేదాన్ని, ఇంకొకరి దెయ్యాన్ని నెత్తిన పెట్టుకునే ఓపిక నాకెక్కడిది?

కానీ ఇది దీవెన చెప్పింది. దీవెన అబద్ధం చెప్పదు. మంచిదని కాదు. అబద్ధం అల్లడానిక్కూడా కాస్త సత్తువ కావాలి. ఆ పిల్లకు ఆ ఏడాది అదీ మిగల్లేదు.

నరసాపురం వైపు పిల్ల. సైకిల్ రేసులు తొక్కేది. మైదానంలో గిరగిరా తిరిగేవి కావు, రోడ్డు మీద కోసుల కొద్దీ పోయేవి. తొంభై తొమ్మిది ఆషాఢంలో వంపు హ్యాండిలు సైకిలొకటి భుజానేసుకుని, బట్టల సంచీతో సికింద్రాబాద్ స్టేషన్లో దిగింది. శ్రావణంలో రాష్ట్ర జట్టు ఎంపిక. జట్టులో చోటు దొరికితే రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగానికి దారి పడుతుంది. దొరక్కపోతే సైకిల్ అమ్మేసి, పిన్ని మాట్లాడిపెట్టిన ఆసుపత్రిలో ఆయాగా చేరాలి. ఇంట్లోవాళ్ళ మాట అది. ఇదే ఆఖరు ఏడాది అని కూడా చెప్పి పంపారు.

అందుకని ఎక్కడ ఉండాలన్నది ఆ పిల్లకు చావుబతుకుల సమస్య అయింది.

మామూలు మనుషులు ఇల్లు వెతికితే నీళ్ళొస్తాయా, పక్కింటివాళ్ళు మంచివాళ్ళా అని చూస్తారు. దీవెన రోడ్డు చూసేది. గుమ్మం దాటిన దగ్గర్నుంచి స్పీడు బ్రేకర్లెన్ని, కుక్కలెన్ని, బర్రెలు ఏ వేళకు అడ్డమొస్తాయి, బడి బస్సులు ఎప్పుడు మొదలవుతాయి... ఇవి ఆమె ప్రశ్నలు. కిరాయి గది చూపించేవాడు పంపు తిప్పి చూపిస్తుంటే ఈవిడ బయటికెళ్ళి రోడ్డు మీద అరచెయ్యి పెట్టి రాసి చూసేది. పిచ్చిదనుకున్నారు. అనుకోరా మరి?

మెట్టుగూడలో ప్రిస్కిల్లా పిన్ని ఇల్లుంది. తిండికి లోటు లేదు. కానీ అక్కణ్ణించి మంచి రోడ్డు చేరేలోపు ఊరంతా ఈదాలి. బస్సుల పొగ మింగి, సిగ్నళ్ళ దగ్గర కాలు దింపి దింపి, అసలు సాధన మొదలుపెట్టే వేళకే ఒళ్ళు హూనం. లక్డీకాపూల్లో ఆడపిల్లల హాస్టలుంది. తెల్లారేదాకా గేటు తియ్యరు. నార్సింగిలో గది బాగుంది, రోడ్డూ బాగుంది. కానీ ఆ ఊరి కుక్కలు ఆమె పిక్కలు చూసి ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నట్టు లేచాయట. లింగంపల్లిలో అన్నీ కుదిరాయి, ఇంటాయన తప్ప.

"నిక్కరేసుకొని తిరిగే ఆడపిల్లకు కిరాయికియ్య. మాది ఇజ్జత్ ఉన్న ఇల్లు," అన్నాడు.

ఆ ఇజ్జత్ ఇంట్లో సాయంత్రమైతే పేకాట నడుస్తుందని ఆ వీధి మొత్తానికీ తెలుసు. నాకు చెప్పి ఉంటే అప్పుడే వెళ్ళి ఆయన మొహం మీద అడిగి వచ్చేదాన్ని.

ఆఖరికి దొరికింది నీలమ్మ ఇల్లు. గుట్టకోత మొదట్లో, మాదాపూర్ వైపు. ఒంటి గది, రాతిగోడలు, పైన రేకులు. గుమ్మం ముందే కొత్త రోడ్డు మొదలు. స్పీడు బ్రేకర్ లేదు, కుక్క లేదు, బర్రె లేదు. చీమ కూడా లేదు. కిరాయి పేరుకే.

"ఇంత మంచి చోటు ఎందుకు ఖాళీగా ఉందండీ?" అని అడిగింది దీవెన.

నీలమ్మ పుట్టింది ఆ గచ్చిబౌలిలోనే. పగలు ఆ గది ముందు కూలోళ్ళకు చాయ్ పోసి, పొద్దు వాలకముందే గిన్నెలు నెత్తినెత్తుకుని ఊళ్ళోకి పోయే మనిషి. చాయ్ వడగట్టే గుడ్డ పిండుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"దెయ్యం గియ్యం ఏం లేదు బిడ్డా."

"నేను దెయ్యం గురించి అడగలేదండి..."

"అడగకున్నా చెప్తున్న. ఏం లేదు. గని చీకట్ల బైలెల్లకు. తెల్లారినంక పో."

తెల్లారాక పోతే ఏమవుతుంది? లారీలొస్తాయి. లారీలొస్తే ఆ రోడ్డు సైకిలుకు పనికిరాదు. అందుకని దీవెన చీకట్లోనే బయల్దేరింది.

మొదటి రోజు. టార్చి లైటొకటి హ్యాండిలుకు గుడ్డపీలికతో కట్టుకుంది. ఆషాఢపు గాలి గచ్చిబౌలి వైపు నుంచి ఎదురుగా కొడుతోంది. ఊరికే వీచే గాలి కాదది, రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టే గాలి. తల వంచి, పళ్ళు బిగబట్టి తొక్కుతోంది. రాతిగోడలు రెండు పక్కలా లేచాయి. గాలి ఆ సందులో చిక్కి ఇంకా గట్టిగా ఊళపెడుతోంది.

కోతలోకి వచ్చింది.

గాలి... లేదు.

తలెత్తి చూసింది. గోడల పైన పొదలు ఊగుతూనే ఉన్నాయి. రోడ్డు వార దుమ్ము ఎగురుతూనే ఉంది. గాలి ఎక్కడా ఆగలేదు. ఆమె ఉన్న చోట మాత్రం లేదు. ఒక మనిషి పట్టేంత... ఒక సైకిల్ పట్టేంత... గుల్ల.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రోడ్డు రేసుల వాళ్ళు ముందు పోయే సైకిల్ వెనక చక్రానికి జానెడు దూరంలో తమ ముందు చక్రం పెట్టి తొక్కుతారు. గాలంతా ముందున్నవాడే తింటాడు. వెనకవాడికి సగం శ్రమ తగ్గుతుంది. వాళ్ళ భాషలో దాన్ని చక్రం పట్టడం అంటారు. కాసేపయ్యాక ముందువాడు మోచెయ్యి కదిపి పక్కకు జరుగుతాడు, వెనకవాడు ముందుకొచ్చి తన వంతు గాలి తింటాడు. న్యాయమైన పద్ధతే. సంసారాల్లో ఉంటే ఎంత బాగుండు.

అందుకే ఆ గుల్లేమిటో దీవెన ఒంటికి తెలుసు. చిన్నప్పట్నుంచి తెలుసు. ఎవరో ముందున్నారు. ఎవరిదో చక్రం పట్టింది తను.

టార్చి వెలుగులో మాత్రం... ఖాళీ తారు.

అప్పుడు వినిపించింది. కిర్... కిర్... కిర్... నూనె లేని చైను. బరువు మోసే పాతకాలపు సైకిలు చైను. దాంతోపాటు ఊపిరి. భయపెట్టే ఊపిరి కాదు, కోపమూ లేదందులో. ఎంతోసేపట్నుంచి ఒక్కతే తొక్కుతూ అలిసిపోయిన ఆడమనిషి ఊపిరి.

దీవెన అరవలేదు. అరిస్తే ఊపిరి తప్పుతుంది, ఊపిరి తప్పితే కాలు తప్పుతుంది. తొక్కుతూనే ఉంది. కోత దాటగానే గాలి మళ్ళీ మొహాన చెంపదెబ్బలా తగిలింది. ముందర ఎవరూ లేరు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక పిన్నికి చెప్పింది. ప్రిస్కిల్లా పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. కూర్చున్న చోటే నిద్రపోగలదు.

"చచ్చినవాళ్ళందరూ లేచి తిరుగుతుంటే మాకు వార్డులో కాలు పెట్టే చోటుండేదే?" అంది కళ్ళు మూసుకునే. "నీరసం అది. రోజూ గుడ్డు తిను. లేకపోతే వచ్చెయ్. ఆయా పని ఖాళీగానే ఉంది."

ఆ ఆఖరు మాటతో దీవెన నోరు మూతపడింది. దెయ్యం కన్నా ఆ మాటకే ఎక్కువ జడిసింది.

నీలమ్మను అడిగింది. నీలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"గాలి ఆగిందా?"

"ఆగిందండి."

"ఆమెనే... జెండామె."

గుట్టను పేల్చే రోజుల్లో మందు అంటించే ముందు రోడ్డుకు రెండు దిక్కులా ఇద్దరు మనుషులు ఎర్రజెండా పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్ళను ఆపాలి. అది పని పద్ధతి. గుత్తేదారు రెండో కూలి మిగుల్చుకుందామని ఒక్క ఆడమనిషినే పెట్టాడు. పాత సైకిలొకటి ఇచ్చాడు. ఈ దిక్కు మందిని ఆపడం, సైకిలెక్కి ఆ దిక్కుకు ఉరకడం, అక్కడ ఆపడం, మళ్ళీ ఇటు.

"రెండో మనిషిని రేపు వెడ్త, మాపు వెడ్త అనుకుంట తిప్పిండు బాడుకావు. ఆమె గట్లనే తొక్కింది. ఎండకు తొక్కింది, వానకు తొక్కింది. ఓ దినం..." నీలమ్మ చెయ్యి ఆగింది. "ఓ దినం ఆమె ఇంక నడిమిట్లనే ఉన్నది... ఎవడో సూసుకోక మందు ముట్టిచ్చిండు."

పొయ్యి మీంచి చాయ్ గిన్నె దించింది.

"మంచిది బిడ్డా ఆమె. ఎవ్వల్నేమనదు. నీ ముందర వోతది గంతే. గాలి ఆమె మీదికి తీస్కుంటది. నువ్వు ఫికర్ జెయ్యకు... గని తెల్లారినంక పో."

ఇంకొకరైతే ఆ సాయంత్రమే సంచీ సర్దుకునేవాళ్ళు. దీవెన సర్దుకోలేదు. మళ్ళీ మెట్టుగూడ, మళ్ళీ బస్సుల పొగ, చివరికి ఆయా పని... వాటిని తలుచుకుంది, ఉండిపోయింది. రోజూ చీకట్లో వెళ్ళేది. రోజూ గాలి ఆగేది. మొదట్లో ప్రార్థన చేసుకుంటూ పోయేది. తర్వాత్తర్వాత ప్రార్థన మానేసి ఆ కిర్రు చప్పుడుకే కాలు కలిపింది. అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగినా కోతలో శ్రమ లేదు. ఒంటికి హాయి.

నాకు చెప్పింది అప్పుడే. రాత్రికి పప్పు, వంకాయ కూర తీసుకుపోవడానికి మా కొట్టుకొచ్చి, సైకిల్ గోడకానించి, అక్కడే గడప మీద చతికిలబడి చెప్పింది.

"అయితే చచ్చినదాన్ని కూడా వదలవన్నమాట," అన్నాను. "బతికున్నప్పుడు గుత్తేదారు వాడుకున్నాడు. చచ్చాక నువ్వు."

ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది.

"అలిసిపోయానండి," అంది. "ఎదురుగాలిలో మనకి ముందు ఒకళ్ళుంటే ఎంత సుఖమో మీకు తెలీదండి."

నిజమే. తెలీదు. నా ముందెప్పుడూ ఎవరూ లేరు. ఇంకేమీ అనకుండా పొట్లంలో ఇంకో గరిటె కూర వేసి పంపాను.

ఎంపిక దగ్గరపడ్డాక మునిస్వామి వచ్చాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి దిగిపోయినాయన. వయసులో ఉన్నప్పుడు తనూ రేసులు తొక్కాడు. ఇప్పుడు స్కూటరు మీద వెనక వస్తూ తిడుతూ నేర్పుతాడు. జీతం లేని తిట్లు. ఆయన దీవెనను మేడ్చల్ రోడ్డుకు తీసుకుపోయి తొక్కించాడు.

ఘోరంగా తొక్కింది. నరసాపురం నుంచి వచ్చిన రోజున తొక్కినంత కూడా తొక్కలేదు. గాలి తగలగానే కాళ్ళు చచ్చుబడిపోయాయి. దారిలోనే దిగి, మైలురాయి పట్టుకుని వాంతి చేసుకుంది.

మునిస్వామి స్కూటరు ఆపాడు. తిట్టలేదు. అది చూసే దీవెనకు భయమేసిందట.

"ఎవరి చక్రం పడుతున్నావ్?" అని అడిగాడు.

"ఎవరిదీ లేదు సర్. ఒక్కదాన్నే..."

"నాకు చెప్పకు. నీ చూపు రోడ్డు మీద లేదు. జానెడు దూరంలో కిందికి చూస్తున్నావ్. అక్కడ చక్రం ఉన్నట్టు. రోజూ ఎవరి చాటునో తిరిగే మనిషే అట్లా చూస్తుంది."

దీవెన చెప్పేసింది. మొత్తం. ఆయన నవ్వలేదు. మూతి తుడుచుకోమని రుమాలిచ్చాడు.

"మనిషో కాదో... అది నాకు తెల్వదు. నాకెందుకు? ఒక్కటే చెప్పు. నీ వంతు ఎప్పుడన్నా తీసుకున్నావా? ఇన్ని రోజులు వెనకే ఉన్నావ్. ఒక్కసారన్నా ముందుకు పోయి, నువ్వు గాలి తిని, ఆమెకు చాటు ఇచ్చినావా?"

"భయం సర్," అంది దీవెన. "ముందుకు పోవాలంటే... పక్కనుంచి పోవాలి కదా సర్."

అదే అసలు భయం. వెనక ఉన్నంతసేపూ ఏమీ కనిపించదు. వంతు తీసుకోవాలంటే భుజం పక్కన భుజం రావాలి. అప్పుడు... ఏం కనిపిస్తుందో?

"మా రోజుల్లో వంతు తీసుకోకుండా వెనకే తిరిగేవాణ్ణి జలగ అనేవాళ్ళం," అన్నాడు మునిస్వామి. స్కూటరు తన్నాడు. "ఇంకో మాట. ఎంపిక ఎక్కడో చెప్పారు. నీ గుట్టకోత రోడ్డు మీదే. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా. ఒక్కొక్కర్నీ విడివిడిగా వదుల్తారు. ఎవరికి వాళ్ళే తొక్కాలి. ఎవడైనా ఇంకొకరి చక్రం పట్టాడా, వెనకున్నోడి పేరు కొట్టేస్తారు. ముందున్నోడికి ఏం కాదు. వెనకున్నోడికే."

ఆ తర్వాత దీవెన ప్రయత్నించలేదని కాదు. మర్నాడు చీకట్లో కోతలోకి పోయి, పక్కకు జరిగింది. మోకాలు దగ్గర చలి తగిలింది. నూతిలో చెయ్యి పెట్టినట్టు. కళ్ళు మూసుకుని మళ్ళీ వెనక్కొచ్చేసింది. ఆ మర్నాడూ అంతే. తరువాత ఇక కోతలోకే పోలేదు. గదిలో పడుకుని రేకుల మీద వానచప్పుడు వింటూ తెల్లవార్చింది. ఆ వానచప్పుడు వెనకాల, తెల్లవార్లూ, అటూ ఇటూ... కిర్... కిర్...

ఎంపిక రోజు పొద్దున ముసురు. వెలుగొచ్చింది కానీ ఎండ రాలేదు. అంతా బూడిదరంగు. అధికారులు గొడుగులేసుకుని, ఆదివారం పాడైందని గొణుక్కుంటూ నిలబడ్డారు. బయల్దేరే చోట ఒకాయన. కోత అవతలి కొసన, పెద్ద రాయి పక్కన కుర్చీ వేసుకుని ఇంకొకాయన. కోత మధ్యలో చిన్న మలుపుంది. అక్కణ్ణించి తన కొస దాకా ఆయనకు రోడ్డంతా తిన్నగా కనిపిస్తుంది. ఎవరైనా చక్రం పడుతున్నారా అని చూడటమే ఆయన పని.

దీవెన వంతు వచ్చింది. వదిలారు.

గాలి అదే గాలి. ముసురులో ఇంకా బరువెక్కింది. నీలమ్మ పొయ్యి ముందు నిలబడి చూస్తోంది. చెయ్యెత్తలేదు, పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోడలు లేచాయి.

గాలి... ఆగింది.

పట్టపగలు. ఎదురుగా తడి తారు, ఖాళీ. కిర్... కిర్... కిర్... ఆ ఊపిరి ఆ రోజు ఇంకా బరువుగా ఉందట. ప్రతి తొక్కుకూ గొంతులో ఏదో అడ్డుపడుతున్నట్టు.

దీవెనకు ఆ క్షణాన రెండూ ఒకేసారి తోచాయి. ఈ చాటున ఇలాగే పోతే కాళ్ళు మిగులుతాయి. ఎవరికీ కనిపించనిదాన్ని ఎవరు పట్టుకుంటారు? జట్టు, ఉద్యోగం, ఆయా పని తప్పడం... అన్నీ ఈ జానెడు దూరంలో ఉన్నాయి. అది ఒకటి. రెండోది ఆ ఊపిరి. చెవికి ఇంత దగ్గరగా.

మలుపు వస్తోంది.

"అక్కా..." అంది. మళ్ళీ అంది. "అక్కా, పక్కకి జరుగు. నేనొస్తా."

జరిగిందో లేదో తెలీదు. దీవెనే జరిగింది. ఎడమ వైపు మోకాలికి చలి తగిలింది... తొడకు తగిలింది... భుజానికి తగిలింది. రాతిపొడి వాసన, కాలిన మందు వాసన. కంటి కొసన ఏదో కదిలింది. తిప్పలేదు తల. మెడ నరాలు తెగిపోతాయేమో అన్నంత బిగపట్టి ఎదుటికే చూస్తూ తొక్కింది.

చలి వెనక్కి జారింది.

అప్పుడు కొట్టింది గాలి. ఎన్నాళ్ళుగానో ఆ కోతలో ఆమెకు తగలని గాలంతా ఒక్కసారే కొట్టింది. దీవెన హ్యాండిలు మీదికి వంగిపోయింది. కాళ్ళు పేలిపోతున్నాయి. కళ్ళల్లో నీళ్ళో వానో తెలీలేదు. వెనకాల ఆ కిర్రు నెమ్మదించింది. ఊపిరి మాత్రం ఎగపోస్తూనే ఉంది. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డ మనిషి ఊపిరిలా... కాసేపటికి వినపడటం మానేసింది.

గీత దాటాక దీవెన సైకిల్ దిగలేదు, సైకిల్ మీంచి పడింది. మునిస్వామి లేపి, గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించాడు. మిగతా పిల్లలందరూ వచ్చారు. లెక్కలు చూసుకున్నారు. జట్టులో ఆఖరి చోటు... దీవెనది. వెంట్రుకవాసిలో.

ఆనందపడే ఓపిక లేదు. గట్టు మీద అలాగే కూర్చుంది.

అప్పుడు కోత వైపు నుంచి జీపొకటి వచ్చింది. ఆ కొసన కూర్చున్న అధికారి దిగాడు. గొడుగు మూశాడు. బట్టలు తడిసి ఉన్నాయి, మొహం చిరాగ్గా ఉంది.

"జాబితా అప్పుడే రాయొద్దు," అన్నాడు. "ఫిర్యాదు ఉంది. చక్రం పట్టారు."

దీవెన తన గురించే అనుకుంది. మలుపు ముందు... అక్కడి దాకా తను వెనకే ఉంది. ఆయన చూశాడా? ఎలా చూశాడు? అక్కడికి కనిపించదు కదా? లేచి నిలబడింది.

"సర్... నేను..."

"నిన్నెవరన్నారమ్మా? నువ్వు ముందే ఉన్నావ్. బాగానే తొక్కావ్." ఆయన విసుగ్గా మొహం తుడుచుకున్నాడు. "మలుపు దగ్గర్నుంచి నీ వెనకాల చక్రం పట్టుకుని వచ్చిందే, ఆవిడ. ఆవిణ్ణి కొట్టేయాలి. చీర కట్టుకుని రేసుకు రావడమేమిటి, వీపు మీద నెంబరు లేకపోవడమేమిటి! నా ముందుకొచ్చాక దిగి రాయి మీద కూర్చుంది. అడిగితే పలకదు. ఏ జిల్లా అమ్మాయి?"

దీవెన రోడ్డుకేసి చూసింది. గచ్చిబౌలి నుంచి కోత దాకా తిన్నగా తడి రోడ్డు. ఎవరూ లేరు.

"ఆవిడ పోటీలో లేదు సర్," అంది మెల్లగా.

ఆయన వెనక్కి తిరిగి కోతకేసి చూశాడు.

"పోటీలో లేని మనిషికి," అన్నాడు, "అంత ఆయాసం ఎందుకమ్మా?"